ఇటాలియన్ జాల్లో సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ భాషలో చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఈ మధ్య రెండు పాత ఇటాలియన్ మర్డర్ మిస్టరీలు, అంటే జాల్లోలు, చూశారు. రంగులు, సంగీతం నచ్చాయి గానీ కథలో లాజిక్ కనిపించలేదు, మాటలు పెదాలకు కలవలేదు, చివర్లో హంతకుడెవరో తెలిశాక "ఇంతేనా" అనిపించింది. అయినా సినిమా పిచ్చి ఉన్నవాళ్లు వీటిని ఎందుకంత నెత్తిన పెట్టుకుంటారు, కొత్తగా చూసేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి, ఇటాలియన్‌లో చూడాలా ఇంగ్లిష్‌లో చూడాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. డారియో అర్జెంటో 1970లో తీసిన 'ద బర్డ్ విత్ ద క్రిస్టల్ ప్లూమేజ్'తో మొదలుపెట్టండి. తర్వాత ఆయనదే 1975 నాటి 'డీప్ రెడ్', అదీ రెండు గంటలు దాటి ఉండే ఇటాలియన్ ప్రింట్. ఆ రెండూ అయ్యాక వెనక్కి వెళ్లి మారియో బావా 1964లో తీసిన 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్' చూడండి. భాష ఏదన్నది సినిమాను బట్టి మారుతుంది, కింద వివరంగా రాస్తాను. చూసేటప్పుడు మాత్రం "హంతకుడెవరు" అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. మంచి జాల్లోలో అసలు ప్రశ్న "ఇందాక నేను కళ్లారా చూసిందేమిటి, చెవులారా విన్నదేమిటి" అన్నది. మీకు ఆ రెండు సినిమాలు తేలిపోయినట్టు అనిపించడానికి కారణం చాలావరకు ఇదేనని నా నమ్మకం.

నా గురించి రెండు ముక్కలు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో పాతికేళ్లుగా సౌండ్ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను. పని లేని ఆదివారాలు మా మిక్సింగ్ రూమ్‌లో పది పదిహేను మందిమి చేరి పాత సినిమాలు వేసుకుంటాం. అలా నలభై దాకా జాల్లోలు చూసి ఉంటాం, కొన్నయితే నాలుగైదు సార్లు. కాబట్టి నేను చెప్పేదాంట్లో కంటి కంటే చెవి పాలు కాస్త ఎక్కువ ఉంటుంది.

పేరు సంగతి త్వరగా చెప్పేస్తాను. జాల్లో అంటే ఇటాలియన్‌లో పసుపు రంగు. మొందదోరి అనే ప్రచురణ సంస్థ 1929లో పసుపు అట్టలతో డిటెక్టివ్ నవలల వరస ఒకటి మొదలుపెట్టింది. ఎస్. ఎస్. వాన్ డైన్, ఎడ్గార్ వాలెస్, అగాథా క్రిస్టీ లాంటి వాళ్ల అనువాదాలు అందులో వచ్చేవి. ముస్సోలినీ ప్రభుత్వం 1941లో దాన్ని ఆపించింది, యుద్ధం అయ్యాక మళ్లీ మొదలైంది. ఈలోగా జనం నోట్లో పసుపు అంటే అపరాధ పరిశోధన అనే అర్థం స్థిరపడిపోయింది. ఇటలీ వాళ్లకు ఇవాళ్టికీ ఏ డిటెక్టివ్ నవలైనా జాల్లోనే. బయటి ప్రేక్షకులు మాత్రం ఈ మాటను 1960ల నుంచి 80ల దాకా వచ్చిన ఆ ప్రత్యేకమైన సినిమాలకే వాడుతున్నారు. నల్ల చేతి తొడుగులు, వానకోటు, కత్తి, అందమైన ఇళ్లు, చిన్నప్పటి గాయం ఏదో మోస్తున్న హంతకుడు, పోలీసు కాని మామూలు మనిషి చేసే పరిశోధన. ఇటాలియన్‌లో దీనికి బహువచనం 'జాల్లి'. చదివేవాళ్లకు మన జాలి గుర్తొస్తుందని నేను జాల్లోలు అనే రాస్తాను.

ఇక లాజిక్. మీ ఫిర్యాదులో నిజముంది, దాన్ని కాదనను. 'బర్డ్' పెద్ద హిట్టయ్యాక 1971, 72 రెండేళ్లలోనే డజన్ల కొద్దీ జాల్లోలు వచ్చిపడ్డాయి. సాలీడు, తేలు, బల్లి, సీతాకోకచిలుక, ఏదో ఒక జీవి పేరు టైటిల్లో ఉంటే చాలన్నట్టు తీశారు. మన దగ్గర ఒక ఫ్యాక్షన్ సినిమా ఆడితే వరసగా పదేళ్లు సుమోలు గాల్లోకి లేచినట్టే. ఇటాలియన్ పరిశ్రమలో ఇలాంటి వరసను 'ఫిలోనే' అంటారు, గనిలో దొరికే ఖనిజపు పొర అని అర్థం. పొర తగిలితే అయిపోయేదాకా తవ్వుతారు. అంత హడావిడిలో రాసిన కథల్లో హంతకుడి కారణాలు చివరి పది నిమిషాల్లో ఎవరో ఒక డాక్టరో, పోలీసో గబగబా చెప్పేసేలా ఉంటాయి. మీరు చూసిన రెండూ ఈ గుంపులోవే అయి ఉండొచ్చు. అందుకే ఎక్కడ మొదలుపెడతామన్నది ఇక్కడ మామూలు కంటే ముఖ్యం.

'బర్డ్'నే ఎందుకు చెప్పానో ఆ ఒక్క సన్నివేశం చూస్తే తెలుస్తుంది. రోమ్‌లో ఉంటున్న ఒక అమెరికన్ రచయిత రాత్రిపూట నడిచి ఇంటికి వెళ్తుంటాడు. రోడ్డుకు అవతల తెల్లగా వెలిగిపోతున్న ఆర్ట్ గ్యాలరీ. ముందు గోడ మొత్తం గాజు. లోపల మెట్ల మీద ఒక స్త్రీ, నల్ల దుస్తుల్లో ఇంకొకరు పెనుగులాడుతున్నారు, మధ్యలో కత్తి. ఇతను పరిగెత్తి లోపలికి వెళ్లబోతాడు. మొదటి గాజు తలుపు దాటగానే అది వెనక మూసుకుపోతుంది, రెండో తలుపు తెరుచుకోదు. రెండు గాజుల మధ్య చేపల తొట్టెలో చిక్కినట్టు నిలబడిపోతాడు. లోపల ఆమె నెత్తురోడుతూ నేల మీద పాకుతుంటుంది. ఇతను చూడగలడు, ఏమీ చేయలేడు. బయట ఎవరో దారినపోయే మనిషి ఆగుతాడు, గాజు వెనక నుంచి ఇతని అరుపు అతనికి చేరదు.

ఆ చప్పుళ్లను గమనించండి. గాజు మూసుకోగానే రోడ్డు ఆగిపోతుంది. మేం ఫైనల్ మిక్సింగ్‌లో ఒక్కో సీనులో ఇరవై ముప్ఫై ట్రాకులు పేరుస్తాం. ఇక్కడ పనిచేసేది చప్పుడు లేకపోవడమే. తర్వాత పోలీసులు అతన్ని పదే పదే అడుగుతారు, ఏం చూశావని. అతను చెప్పిందే చెబుతాడు, కానీ తను చూసినదాంట్లో ఏదో ఒకటి అతకడం లేదని లోపల ముల్లులా గుచ్చుకుంటూ ఉంటుంది. సినిమా మొత్తం ఆ ముల్లే. మీరూ అతనితో పాటు అదే గాజులోంచి అదే చూశారు కాబట్టి ఆ ముల్లు మీకూ గుచ్చుకోవాలి.

ఛాయాగ్రహణం విట్టోరియో స్టోరారో, తర్వాత మూడు ఆస్కార్లు గెలిచిన మనిషి, అప్పటికి ముప్ఫై ఏళ్ల వాడు. సంగీతం ఎన్నియో మొరికోనే. సెర్జియో లియోనే తీసిన కౌబాయ్ సినిమాల్లో మాటలు లేకుండా ఆకాశాన్నంటేలా పాడిన ఆ గొంతు, ఎద్దా దెల్లోర్సో, ఇక్కడ జోలపాటలా మొదలై ఊపిరి అందని మూలుగులా మారుతుంది. ఇంకో మాట: హంతకుడి ఫోన్ కాల్ ఒకటి టేపు మీద రికార్డవుతుంది. దాని వెనక ఏదో వింత చప్పుడు. అదేమిటో కనుక్కోవడంలోనే సినిమా పేరు దాగుంది. అంతకు మించి చెప్పను.

అర్జెంటో వెంటనే తీసిన 'ద క్యాట్ ఓ నైన్ టెయిల్స్'లో ఒక అంధుడు రాత్రి వీధిలో ఆగి ఉన్న కారులోంచి వచ్చే రెండు మాటలు విని కథను మొదలుపెడతాడు. దాని తర్వాతి దాంట్లో చనిపోయిన మనిషి కంటిపాప మీద నిలిచిన చివరి బొమ్మను యంత్రంతో ఫోటో తీస్తారు. ఒకదాంట్లో చెవి, ఒకదాంట్లో కన్ను. ఆయన మనసు ఎప్పుడూ అక్కడే తిరుగుతుంది.

'డీప్ రెడ్' గురించి కాస్త తీరిగ్గా రాయాలి. నా దృష్టిలో జాల్లోలన్నిటికీ శిఖరం ఇదే. తూరిన్ నగరంలో రాత్రి, ఖాళీ చౌరస్తా, పెద్ద పాలరాతి విగ్రహాలు, ఒక మూల మనుషులు బొమ్మల్లా కదలకుండా కూర్చున్న బార్. అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ బొమ్మను చూసి కట్టిన సెట్ అది. ఇంగ్లిష్ పియానో వాద్యకారుడు మార్కస్ అక్కడ నిలబడి ఉండగా పై అంతస్తు కిటికీలో తన పక్కింటామె హత్య కనిపిస్తుంది. పరిగెత్తుకుంటూ పైకి వెళ్తాడు. ఆ ఇంటి నడవాలో గోడల నిండా వింత ముఖాల బొమ్మలు. కెమెరా కూడా అతని వెంటే పరుగెడుతుంది. పోలీసులు వచ్చాక అతనికి అనిపిస్తుంది, ఇందాక చూసిన బొమ్మల్లో ఒకటి ఇప్పుడు లేదని.

మా మిక్సింగ్ రూమ్‌లో ఇది మొదటిసారి వేసినప్పుడు సినిమా అయ్యాక ఒక కుర్రాడు, మా దగ్గర ఎడిటింగ్ అసిస్టెంట్, కాస్త కోపంగానే "సార్, ఇది చీటింగ్, మనకు చూపించకుండా దాచారు" అన్నాడు. నేనేం మాట్లాడకుండా మళ్లీ ఆ నడవా దగ్గరికి వెనక్కి తిప్పి, ఫ్రేము ఫ్రేముగా కదిపాను. రూములో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ కుర్రాడు స్క్రీన్ దగ్గరికి లేచి వెళ్లి వేలు పెట్టి చూపించాడు. దాచలేదు. మొదటి అరగంటలోనే మన కళ్ల ముందు పెట్టి, మనం చూడలేదని వదిలేశారు. నేనే దాన్ని మూడోసారి చూసేటప్పుడు గానీ పట్టుకోలేకపోయాను. ఈ ఒక్క ఆట కోసమైనా మీరు ఎవరి దగ్గరా కథ ముందుగా వినకండి, పోస్టర్లు, క్లిప్పులు వెతక్కండి.

దీని సంగీతం మీద కూడా ఒక కథ ఉంది. మొదట జార్జో గస్లీని అనే జాజ్ సంగీతకారుడు పనిచేశాడు. తర్వాత అర్జెంటో గోబ్లిన్ అనే కుర్రాళ్ల రాక్ బృందాన్ని తెచ్చుకున్నాడు. ఆ రికార్డు ఇటలీలో విపరీతంగా అమ్ముడైంది. హత్యకు ముందు పిల్లల పాట ఒకటి టేపులో మోగుతుంది, లేతగా, అమాయకంగా. దాని మీద బేస్ గిటార్, ఆర్గాన్ వచ్చి పడతాయి. ఒక చోట మార్కస్ తన గదిలో పియానో వాయిస్తుండగా ఇంట్లో ఎవరో ఉన్నారని తెలుస్తుంది. భయపడ్డట్టు వాళ్లకు తెలియకూడదు కాబట్టి వాయించడం ఆపడు. స్వరాలు అలాగే సాగుతుంటాయి, ముఖం మీద చెమట. మా ఫీల్డులో ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) అంటే టెన్షన్ పెంచడానికి పైన పోసేది. ఇక్కడ పాత్ర చేతివేళ్లే ఆ టెన్షన్‌ను మోస్తున్నాయి.

ప్రింటు విషయంలో జాగ్రత్త. ఇటాలియన్ ప్రింటు 126 నిమిషాల దాకా ఉంటుంది, విదేశాలకు పంపిన ఇంగ్లిష్ ప్రింటులో ఇరవై నిమిషాలకు పైగా కోసేశారు. పోయింది చాలావరకు మార్కస్‌కు, జర్నలిస్టు జాన్నాకు మధ్య జరిగే సరదా సన్నివేశాలు. ఆమె బుల్లి ఫియట్ కారులో అతను కూర్చుంటే సీటు కిందకు దిగిపోతుంది, ఆమె పైన, అతను కింద. కథకు అవసరం లేదని కోసి ఉంటారు. కానీ ఆ నవ్వు లేకపోతే తర్వాతి భయం సగమే పనిచేస్తుంది. పైగా కోసిన భాగాలకు ఇంగ్లిష్ మాటలు లేవు, అందుకే కొన్ని డిస్కుల్లో ఇంగ్లిష్‌లో నడుస్తున్న సినిమా ఉన్నట్టుండి ఇటాలియన్‌లోకి మారుతుంది. మీ ప్లేయర్ పాడైందేమో అనుకోకండి.

ఇక్కడి నుంచి నేరుగా పెదాలకు మాటలు కలవకపోవడం అన్న మీ ఫిర్యాదుకు వస్తాను. ఇది నా వృత్తి కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ఆ రోజుల్లో ఇటలీలో సినిమాలు షూటింగులో ధ్వని లేకుండానే తీసేవాళ్లు. మాటలన్నీ తర్వాత థియేటర్‌లో చెప్పించేవాళ్లు. నిర్మాణంలో స్పెయిన్, జర్మనీ, ఫ్రాన్స్ భాగస్వాములు ఉండేవాళ్లు కాబట్టి ఒకే సీనులో ఒకరు ఇంగ్లిష్‌లో, ఒకరు స్పానిష్‌లో, ఇంకొకరు ఇటాలియన్‌లో మాట్లాడుకునేవాళ్లు. తర్వాత ఇటాలియన్ ట్రాక్ ఒకటి, ఇంగ్లిష్ ట్రాక్ ఒకటి తయారయ్యేవి. అంటే చాలా సినిమాలకు "ఒరిజినల్ భాష" అనేదే లేదు. రెండూ డబ్బింగే.

ఇది మనకు వింతగా ఉండకూడదు. మనం ఇన్నేళ్లుగా చూస్తున్న తెలుగు సినిమాల్లో చాలావాటిలో హీరోయిన్ గొంతు ఆమెది కాదు, విలన్ గొంతు అతనిది కాదు. సెట్లో రికార్డు చేసేది తర్వాత డబ్బింగ్‌కు ఆధారంగా వాడే పైలట్ ట్రాక్ మాత్రమే. పరభాషా నటి "వన్ టూ త్రీ ఫోర్" అంటుంటే దాని మీద డైలాగు కూర్చిన రోజులూ ఉన్నాయి. డబ్బింగ్ రచయిత మొదట చూసేది పెదాలు మూసుకునే అక్షరాలు: ప, బ, మ. నటి పెదాలు కలిసిన చోట మనకు ఆ మూడింట్లో ఒకటి పడాలి, అది పడితే మిగతా వాక్యం ఎటు పోయినా ప్రేక్షకుడు క్షమిస్తాడు. రెండోది పదం చివర. తెలుగులాగే ఇటాలియన్ కూడా అజంత భాష, దాదాపు ప్రతి పదం అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరిచే ఉంటుంది. ఇంగ్లిష్‌లో మాట్లాడిన నటుడి నోరు హల్లు మీద టక్కున ఆగుతుంది. అతని మీద ఇటాలియన్ గొంతు వేస్తే నోరు ఆగిపోయాక కూడా శబ్దం ఇంకో పావు సెకను వేలాడుతుంది. మీకు ఇబ్బంది కలిగించింది ఆ పావు సెకనే. ఒకసారి ఇది తెలిస్తే కన్ను అక్కడ ఆగడం మానేస్తుంది.

కాబట్టి నేను పాటించే పద్ధతి ఇదీ: ప్రధాన నటుడు ఇంగ్లిష్ వాడైతే, తన గొంతు తనే చెప్పుకుని ఉంటే ఇంగ్లిష్ ట్రాక్ వినదగినదే. 'బర్డ్' ఇంగ్లిష్‌లో బాగుంటుంది. ఊరు, మనుషులు, యాస ముఖ్యమైన సినిమా అయితే ఇటాలియన్ తప్ప వద్దు. 'డీప్ రెడ్' మాత్రం నాకు ఇటాలియన్‌లోనే, సబ్‌టైటిల్స్‌తో, పూర్తి ప్రింటు కావాలి. 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్' కూడా ఇటాలియన్‌లోనే చూడండి. దాని ఇంగ్లిష్ ట్రాక్‌లో పాల్ ఫ్రీస్ అనే అమెరికన్ డబ్బింగ్ కళాకారుడు మగ పాత్రల్లో చాలావాటికి ఒక్కడే గొంతు ఇచ్చాడు. ఆయన గొప్ప కళాకారుడు, కానీ అనుమానితులందరూ ఒకే గొంతుతో మాట్లాడుతుంటే మిస్టరీలో ఎవరిని ఎవరి నుంచి విడదీస్తాం?

ఆ బావా సినిమాకే వస్తే, కథ చిన్నది. రోమ్‌లో ఒక ఫ్యాషన్ హౌస్, చనిపోయిన మోడల్ డైరీ, ఆ డైరీ కోసం వరసగా హత్యలు, ముఖం లేని తెల్లటి ముసుగు వేసుకున్న హంతకుడు. బావా మొదట ఛాయాగ్రాహకుడు, తండ్రి కూడా అదే పని చేసినవాడు, డబ్బు లేకపోయినా వెలుగుతో ఏమైనా చేయగలనన్న ధైర్యం ఉన్న మనిషి. పేర్లు పడేటప్పుడే చూడండి: నటీనటులు షాపు బొమ్మల పక్కన బొమ్మల్లా నిలబడి ఉంటారు, మీద ఎరుపు, ఆకుపచ్చ, ఊదా వెలుగులు. మనుషులకూ బొమ్మలకూ తేడా లేదని అక్కడే చెప్పేశాడు. పాత వస్తువుల షాపులో ఒక సీను ఉంది. బయట వెలిగి ఆరే నియాన్ దీపం, లోపల ఒక అమ్మాయి. వెలిగినప్పుడు గది కనిపిస్తుంది, ఆరినప్పుడు కనిపించదు, మళ్లీ వెలిగినప్పుడు గదిలో ఏదో మారి ఉంటుంది. లాజిక్ అడిగితే ఏ షాపులోనూ అలాంటి రంగులు ఉండవు. ఆ రంగులు ఆ అమ్మాయి భయానివి. ఈ సినిమా ఇటలీలో అప్పట్లో పెద్దగా ఆడలేదు. అయినా నల్ల కోటు, తొడుగులు, హత్యను నాట్యంలా చిత్రించడం, తర్వాతి వాళ్లంతా ఇక్కడి నుంచే తీసుకున్నారు.

జాల్లో అంటే ధనికుల ఇళ్లు, ఫ్యాషన్ మాత్రమే అనుకుంటే లూచియో ఫుల్చి 1972లో తీసిన 'డోంట్ టార్చర్ ఎ డక్లింగ్' ఆ అభిప్రాయాన్ని మార్చేస్తుంది. దక్షిణ ఇటలీలో ఒక కొండ ఊరు, పిల్లలు వరసగా చనిపోతుంటారు, ఊరి పక్క నుంచి కొత్త హైవే పోతుంటుంది. ఊళ్లో మంత్రగత్తెగా ముద్ర పడిన ఒక స్త్రీ మీద అనుమానం వస్తుంది. పోలీసులు ఆమెను వదిలేస్తారు. ఊరి మగవాళ్లు వదలరు, శ్మశానంలో గొలుసులతో కొడతారు. ఆ పక్కన కారు రేడియోలో పాట మోగుతుంటుంది, మొదట హుషారైన పాట, తర్వాత ఒర్నెల్లా వనోని పాడిన ప్రేమ పాట. సంగీతం రీజ్ ఓర్తొలానీ. దెబ్బల చప్పుడు, ఆ మెత్తటి గొంతు రెండూ ఒకే మట్టంలో వినిపిస్తాయి, ఒకదాన్ని పెంచి ఇంకోదాన్ని తగ్గించలేదు. అది నేను చాలాసార్లు విన్నాను, ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఆమె పాక్కుంటూ హైవే అంచుకు చేరుతుంది. సెలవులకు వెళ్తున్న కుటుంబాల కార్లు పక్క నుంచి వెళ్లిపోతుంటాయి. చేతబడి చేసిందన్న అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మన పత్రికల్లో చదివిన తెలుగువాళ్లకు ఈ సీను దూరదేశపు సంగతిగా అనిపించదు. దీన్ని ఇటాలియన్‌లో మాత్రమే చూడండి.

ఫుల్చిదే ఇంకో సినిమా మీరు తెలియకుండానే చూసి ఉండొచ్చు. 1977 నాటి 'సెట్టె నోటె ఇన్ నేరో', అంటే నలుపులో ఏడు స్వరాలు. ఇంగ్లిష్‌లో 'ద సైకిక్' అని దొరుకుతుంది. ఒకామెకు ఏదో హత్య ముక్కలు ముక్కలుగా కళ్ల ముందు కదులుతుంది: పగిలిన అద్దం, ఎర్రటి దీపం, గోడ. భర్త పాత ఇంట్లో గోడ పగలగొడితే అస్థిపంజరం దొరుకుతుంది. ఈ కథ నుంచే తమిళంలో 1984లో మణివణ్ణన్ 'నూఱావదు నాళ్' తీశారు, దాని రీమేకే 1991లో మాధురీ దీక్షిత్ చేసిన హిందీ '100 డేస్'. నేను ఇంటర్ చదివే రోజుల్లో '100 డేస్' అద్దె క్యాసెట్‌లో చూసి రాత్రి గోడ వైపు తిరిగి పడుకోలేకపోయాను. పదిహేనేళ్ల తర్వాత ఫుల్చి సినిమా చూస్తూ గోడ సీను రాగానే ఒళ్లు జలదరించింది, చిన్నప్పుడు తెలిసిన ఇంటికి వెనక తలుపు నుంచి వచ్చినట్టు. అందులో ఒక చేతి గడియారం చిన్న ట్యూన్ మోగిస్తుంది. ఆ ట్యూన్‌ను క్లైమాక్స్ దాకా మర్చిపోకండి. ఆ సంగీతాన్నే టరాంటినో 2003లో 'కిల్ బిల్' మొదటి భాగంలో వాడుకున్నాడు.

మిగతావాటిని త్వరగా చెప్పేస్తాను. మసీమో దల్లమానో తీసిన 'వాట్ హావ్ యూ డన్ టు సొలాంజ్' లండన్‌లో ఒక బాలికల స్కూలు చుట్టూ నడుస్తుంది. లాజిక్ కావాలన్న మీలాంటి వాళ్లకు ఇది బాగా నచ్చుతుంది, కారణం బలంగా ఉంటుంది, మనసును కలచివేస్తుంది. సెర్జియో మార్టీనో సినిమాల్లో 'టోర్సో' చివరి అరగంట కోసం చూడండి. కాలు బెణికిన అమ్మాయి, కొండ మీద ఇల్లు, లోపల హంతకుడు, దాదాపు మాటల్లేవు. పూపి అవాటి 1976లో తీసిన 'ద హౌస్ విత్ లాఫింగ్ విండోస్'లో ఒక చిత్రకారుడు ఊరి చర్చిలో పాడైన కుడ్యచిత్రాన్ని బాగుచేయడానికి వస్తాడు. నెమ్మదిగా నడుస్తుంది, తొందరపడితే దక్కదు. అర్జెంటో 1982 నాటి 'టెనెబ్రే' అంటే చీకటి, కానీ సినిమా మొత్తం తెల్లటి వెలుగు. ఒక ఇంటి గోడల మీద, కప్పు మీద కెమెరా క్రేనుతో పాకుతూ వెళ్లే పొడవైన షాట్ ఉంది. ఆ సన్నివేశంలో వినిపించేది నేపథ్య సంగీతమని మనం అనుకుంటాం. ఇంట్లో ఒకామె దాని సౌండు తగ్గించమని అరుస్తుంది. 'సుస్పీరియా' చాలామంది జాల్లో అంటారు గానీ అందులో మంత్రగత్తెలున్నారు, అది వేరే లెక్క. విడిగా చూడండి, పెద్ద తెర మీద అయితే ఇంకా మంచిది.

ఒక హెచ్చరిక చెప్పకుండా ఉండలేను. ఈ సినిమాల్లో స్త్రీల మీద హింస చాలా ఎక్కువ, దాన్ని అందంగా చూపించడం ఇంకా ఎక్కువ. నగ్నత్వం ఉంటుంది. స్వలింగ సంపర్కుల్ని అనుమానంగా చూపించిన చోట్లు ఉన్నాయి. కళ పేరు చెప్పి దీన్ని దాటేయడం నాకు ఇష్టం లేదు. కొన్నేళ్ల క్రితం ముందుగా ఏమీ చెప్పకుండా ఒక సినిమా వేశాను. మా దగ్గర డబ్బింగ్ చెప్పే ఒక అమ్మాయి మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయింది. తర్వాత నాతో "అన్నా, ముందే ఒక్క మాట చెప్పి ఉంటే రాకపోయేదాన్ని" అంది. తప్పు నాదే. అప్పటి నుంచి ప్రతిదానికీ ముందు ఏముందో చెప్పి, ఉండాలో వద్దో వాళ్లకే వదిలేస్తాను. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నప్పుడు ఇవి పెట్టకండి. పైన చెప్పినవాటిలో హింస తక్కువగా ఉన్నది 'బర్డ్', 'ద సైకిక్'.

ఎలా చూడాలంటే, ఫోన్‌లో మాత్రం వద్దు. గదిలో దీపం ఆర్పి, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. యూట్యూబ్‌లో తిరిగే పాత కాపీల్లో రంగు వెలిసిపోయి ఉంటుంది, రెండు పక్కలా కోసేసి ఉంటుంది. చాలా జాల్లోలు వెడల్పు తెర కోసం తీసినవి, పక్కలు కోస్తే మీరు చూడాల్సిన వస్తువే పోవచ్చు. యారో వీడియో లాంటి సంస్థలు నెగటివ్ నుంచి బాగుచేసి తెచ్చిన కాపీలు దొరికితే అవే తీసుకోండి.

చివరగా ఒక చిన్న పని చేయండి. 'బర్డ్'లో గ్యాలరీ సీను అవ్వగానే సినిమా ఆపి, ఒక కాగితం మీద రాయండి: మెట్ల మీద ఎవరెక్కడ నిలబడ్డారు, కత్తి ఎవరి చేతిలో ఉంది, ఎవరు ఎటు కదిలారు. మేం ఒకసారి పదకొండు మందిమి ఇలా రాశాం. పదకొండు కాగితాల్లో తొమ్మిది దాదాపు ఒకేలా ఉన్నాయి. తెర మీద ఉన్నది ఉన్నట్టు రాసింది ఇద్దరే, అందులో నేను లేను. వెనక్కి తిప్పి సరిచూసుకోకండి. కాగితం మడిచి పక్కన పెట్టుకుని, మిగతా సినిమా చూడండి.